సరమ యడిగిన ప్రశ్న

శుచి యనగా నేమి యని మా తరగతిలోని పిల్లలెవరైన నడిగినచో మేము తడుముకొనకుండ బదులు చెప్పుచుంటిమి. స్నానము, ఉతికిన బట్ట, కడిగిన చేయి, ఊడ్చిన వాకిలి: ఇరువది యేండ్లుగా ఈ మాటలే నల్లబల్లపై వ్రాయుచు వచ్చితిమి. ఈ నడుమ ఒక శనివారమునాడు బీచుపల్లి కృష్ణయొడ్డున చూచిన చిన్న సంగతి యొకటి ఆ బదులు చాలదని మాకు తెలిపినది. ఆ సంగతిని, దానివలన పుట్టిన విచారమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

బీచుపల్లి మా గద్వాల ప్రాంతమువారికి చెప్పనక్కఱలేని చోటు. హైదరాబాదునుండి కర్నూలునకు పోవు 44వ జాతీయ రహదారి కృష్ణను దాటినంతనే ఆంజనేయస్వామి గుడి కానవచ్చును. ఆ మూర్తిని వ్యాసరాయలవారు ప్రతిష్ఠించిరని జనశ్రుతి. ఆవలి యొడ్డు వనపర్తి జిల్లాలోని రంగాపురము. 2016వ సంవత్సరము ఆగస్టు నెలలో కృష్ణాపుష్కరములు వచ్చినప్పుడు రెండు గట్లును జనముతో నిండిపోయినవి. పుష్కరములు లేని దినములలోను శనివారమునాడు భక్తులకు కొదువయుండదు. భక్తులున్నచోట కొబ్బరిచిప్పలు, విస్తరాకులు. వానివెంట కోతులు, కుక్కలు.

ఆనాడు ఘట్టము మెట్లపై నొక కుటుంబమువారు స్నానము ముగించుకొని పులిహోర పొట్లము విప్పి కూర్చుండిరి. బక్కచిక్కిన వీధికుక్క యొకటి మెల్లగా వచ్చి, ప్రక్కన పెట్టియుంచిన విస్తరి యంచును నాకినది. ఆ యింటి పడుచువాడు లేచి ఱాయి విసరెను. దెబ్బ వెనుకకాలికి తగిలెను. అది కుయ్యిమనుచు మూడుకాళ్లతో ఇసుకలోనికి పరుగెత్తినది. ఎంగిలియైనదని విస్తరిని పాఱవేసిరి. ఇంతవఱకు వింత లేదు. వారి కారులో మెత్తని గుడ్డపై తెల్లని బొచ్చుకుక్క యొకటి యుండెను. నాలుగేండ్ల పాప దాని నెత్తుకొనివచ్చినది. అది పాప బుగ్గను, పెదవులను, ముక్కును నాకుచుండగా పెద్దలు ముచ్చటపడి ఫోనులో బొమ్మలు తీసికొనిరి.

నాలుకలు రెండును కుక్కనాలుకలే. ఒకటి ఆకు నంటినందుకు ఱాతిదెబ్బ తిన్నది. ఒకటి పసిబిడ్డ పెదవి నంటి ముద్దులు పొందినది. ఎంగిలియైన యాకును పాఱవేయుట తప్పుగాదు. కాని ఆ పెదవిని కడిగినవారు లేరు.

కుక్కనోటిలో నేమున్నదో నేడు శాస్త్రజ్ఞులకు చాలవఱకు తెలియును. కాప్నోసైటోఫాగా కానిమోర్సస్ అను బాక్టీరియా నిండారోగ్యముతోనున్న కుక్కల నోళ్లలోనే కాపురముండును. ఆ పేరులోని రెండవమాట లాటినుభాషలో కుక్కకాటును సూచించును. దానివలని రోగమును వైద్యులు మొదట ప్రకటించినది 1976లో. సామాన్యముగ అది మనుష్యుల నేమియు చేయదు. కాని ప్లీహము తీసివేయబడినవారికి, మితిమీరి మద్యము త్రాగువారికి, రోగమునెదిరించు శక్తి సన్నగిల్లినవారికి ఒక కాటు, ఒక్కొక్కప్పుడు గాయముపై నాకుటయే చాలును. కొలది దినములలో నెత్తురు విషమించి ప్రాణముమీదికి వచ్చును. పాస్టరెల్లా యనునది మఱియొకటి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాస్టరు పేరు దానికి పెట్టినారు. పిల్లుల నోళ్లలోను కుక్కల నోళ్లలోను ఉండును. అది గాయములో చేరినచో ఒక దినములోపలనే ఆ చోటు ఎఱ్ఱబాఱి, వాచి, సలుపును. కుక్కపిల్లల మలములో తఱచుగా నుండునది కాంపిలోబాక్టరు; అది చేతినుండి నోటికి పోయి జ్వరమును, కడుపునొప్పిని, నెత్తురువిరేచనములను కలిగించును.

ఇవియన్నియు నొకయెత్తు, లెప్టోస్పైరా యొకయెత్తు. మెలికలు తిరిగిన సన్నని దారమువంటి యీ జీవి ఎలుకల మూత్రముతోను, పశువుల మూత్రముతోను, కుక్కల మూత్రముతోను వెలువడి, తడినేలలోను నిలిచిన నీటిలోను వారములకొలది బ్రతుకగలదు. కాలిపగులు చాలును, అదియే దానికి ద్వారము. ఈ రోగలక్షణములను 1886లో జర్మను వైద్యుడు అడాల్ఫ్ వైల్ వర్ణించెను. జీవిని జపానులో ఇనడా, ఇడో అను శాస్త్రజ్ఞులు 1915లో కనిపెట్టిరి. 2009వ సంవత్సరము అక్టోబరులో వరద వచ్చి కర్నూలును, అలంపురమును ముంచినప్పుడు మోకాలిలోతు బురదలో వట్టికాళ్లతో నడచినవారు మాలో ననేకులు కలరు. అట్టి బురద యీ జీవికి మిక్కిలి యనుకూలమైన తావు. దీనికిచ్చు డాక్సీసైక్లిన్ అను మందు టెట్రాసైక్లిన్ కుటుంబములోనిది. ఆ కుటుంబములో మొదటిదగు ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియైనది. దానిని కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గరు. అది వెలువడిన లెడర్లే పరిశోధనశాలకు పరిశోధనాధ్యక్షుడుగా నుండినవాడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

కుక్క యనగానే మనకు గుర్తువచ్చు రేబిస్ బాక్టీరియావలన కలుగునది కాదు, వైరసువలన కలుగునది. లక్షణములు పైకి తేలిన పిమ్మట దానికి దాదాపుగా మందు లేదు. తేలకమునుపు టీకా కలదు. 1885 జూలై 6వ తేదిని పాస్టరు ఒక బాలునికి వేసిన టీకానుండి నేటివఱకు ఎందఱో బ్రతికినారు. అయినను లోకమందలి రేబిస్ చావులలో మూడవవంతునకు పైగా మన దేశముననే యని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. కావున కుక్కకు భయపడువారిని చూచి నవ్వుట తగదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబరుపేటలో వీధికుక్కలు నాలుగేండ్ల బాలుని చంపినవి. ఆ తలిదండ్రుల యెదుట జీవకారుణ్యమునుగూర్చి ఉపన్యసించుటకు మాకు నోరు రాదు.

అయినను చెప్పవలసిన రెండవపక్షము కలదు. సూక్ష్మదర్శనిలో నోటి బాక్టీరియాను మొట్టమొదట చూచిన లీవెన్‌హుక్ వానిని 1683లో తన పండ్లమధ్యనున్న పాచిలోనే చూచెను, కుక్కనోటిలో గాదు. మన నోటిలోను వందలకొలది జాతుల సూక్ష్మజీవు లున్నవి. మందులకు లొంగని స్టాఫిలోకాకసు మనుష్యులనుండి పెంపుడుకుక్కలకు సంక్రమించుటయు వైద్యులు చూచినారు. 2016 మొదలు 2018 వఱకు అమెరికాలో అంగళ్లలో అమ్మిన కుక్కపిల్లలవలన నూఱుమందికి పైగా కాంపిలోబాక్టరు సోకినది. ఆ జీవి పెక్కు మందులకు లొంగలేదు. విచారింపగా, ఆ పిల్లలలో సగమునకు పైగా వానికి రోగము లేకయే ముందుజాగ్రత్తకని యాంటిబయాటిక్కు మందులు పట్టించిరని తేలెను. మన మిచ్చిన మందుతో బలిసిన బాక్టీరియా మన యింటికే తిరిగివచ్చినది. ఇందు దోషమెవరిది?

దోషమను మాట వచ్చినది గనుక రెండు పాతకథలను చూతము. 1847లో వియెన్నా నగరపు ప్రసూతిశాలలో బాలింతలు జ్వరముతో గుంపులుగా చనిపోవుచుండగా, సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు కారణమును వెదకి పట్టుకొనెను. శవపరీక్ష చేసిన వైద్యులు ఆ చేతులతోనే పురుడుపోయుచుండిరి. సున్నపుక్లోరైడు నీటితో చేతులు కడిగించెను, చావులు తగ్గినవి. అయినను తోటివైద్యులలో పెక్కురు ఒప్పుకొనలేదు. తమవంటివారి చేతులు చావును మోయుచున్నవనుట వారికి మింగుడుపడలేదు. రెండవ కథ న్యూయార్కుది. మేరీ మాలన్ అను వంటలక్క తానారోగ్యముగ నుండియు టైఫాయిడు బాక్టీరియాను మోయుచుండెను. 1907లో అది బయటపడగా ఆమెను నిర్బంధించిరి. ఇక వంటపని చేయనని మాట యిచ్చినమీదట 1910లో విడిచిరి. ఆమె పేరు మార్చుకొని ప్రసూతిశాలలో వంటకు చేరెను. మరల రోగము పుట్టెను. 1915లో పట్టుకొనిన పిమ్మట 1938లో చనిపోవువఱకు విడువలేదు.

ఈ రెండు కథలనుండి మేము తీసికొన్న సారాంశమిది. 1847కు ముందు ఆ వైద్యులును, 1907కు ముందు ఆ వంటలక్కయు చేసినది హానియే గాని పాపము గాదు, వారికి తెలియదు. తెలియజెప్పిన పిమ్మటను చేతులు కడుగకుండుట, మాట తప్పుట పాపము. రోగమును మోయుటలో దోషము లేదు. మోయుచున్నామని తెలిసియు మిన్నకుండుటలో నున్నది. ఇప్పుడు కుక్కను చూడుడు. దానికి 1847 లేదు, 1907 లేదు. ఎంత చెప్పినను తన నాలుకపై నేమున్నదో దానికి తెలియదు. తెలిసినవారము మనము. కావున కుక్కనాలుకవలన కలుగు హానికి జవాబుదారి ఆ కుక్కను పెంచువాడే.

ఆ శనివారము మేము బీచుపల్లికి పోయిన పని యింకను చెప్పలేదు. చెప్పకుండుట మాకు సుఖము. కాని చెప్పకున్న నీ వ్రాతకు అర్థము లేదు. మా యింట మోతి యను కుక్క యుండెను. ఆఱేండ్లు మా వాకిట పెరిగినది. మా తల్లిగారికి డెబ్బది దాటినవి, మధుమేహము కలదు, మడమలు పగిలియుండును. సాయంకాలము ఆమె అరుగుపై కాళ్లు చాపుకొని కూర్చున్నప్పుడు మోతి దగ్గఱచేరి ఆ మడమలను నాకుచుండెడిది. మేము చూచుచునే యుంటిమి. కుక్క నాకిన పుండు త్వరగా మానునని చిన్ననాడు విన్నమాట మాకును గుర్తుండెను. ఆ మాట వట్టి కల్ల గాదు. ఉమ్మిలో కొన్ని సూక్ష్మజీవులను చంపు లైసోజైము వంటి పదార్థములు గలవు. దానిని 1922లో ఫ్లెమింగు కనిపెట్టెను. కాని అదే యుమ్మిలో చావని జీవులును గలవు. నిరుడు వానకాలమున ఆమె కాలు వాచి, ఎఱ్ఱబాఱి, చలిజ్వరము వచ్చి, కర్నూలులో పదునొకండు దినములు వైద్యశాలలో నుండవలసివచ్చెను. చీమును పరీక్షింపించిన పిమ్మట వైద్యుడు మమ్మడిగిన మొదటి ప్రశ్న, ఇంటిలో కుక్క యున్నదా యని. పాస్టరెల్లా పేరు మేము మొదట విన్నది అప్పుడే.

ఆ రాత్రియే బంధువులందఱు కూడి కుక్క నింక నుంచరాదనిరి. మేము కాదనలేదు. మఱునాడు తెల్లవాఱకముందే మోతిని ఆటోలో నెక్కించుకొని బీచుపల్లి ఘట్టమున దించితిమి. భక్తులు పెట్టుదురు, బ్రతుకునని మనస్సునకు చెప్పుకొంటిమి. ఆటో నడుపువాడు అద్దములో చూచి, "సార్, ఎంట వస్తున్నది" అనెను. పోనిమ్మంటిమి. నాలుగు దినములకు వైద్యుడు మా తల్లిగారిని ఇంటికి పంపుచు, "పగుళ్లకు కట్టు కట్టుడు, మేజోళ్లు తొడిగింపుడు, కుక్కను పుండు దగ్గఱకు రానీయకుడు" అని చెప్పెను. కుక్కను వెళ్లగొట్టుడని చెప్పలేదు. ఒక జత మేజోళ్లతో తీఱు పనికి మేము చేసినదిది.

ఆమె గడప దాటకముందే "మోతి ఏది?" అని యడిగెను. ఎక్కడికో పోయినదని చెప్పితిమి. పిల్లలకు అబద్ధమాడరాదని బోధించు నోటితోనే చెప్పితిమి. రెండుదినములకు మా చిన్నవాని నోట నిజము వెడలినది. ఆమె కోపింపలేదు. "నోరులేని జీవి, దానికేమెరుక నాయనా? కాలు సాపుకొని కూసున్నది నేను గద" అనెను. సెమ్మెల్‌వైసు కథను, మాలను కథను చదివియు మేము తెలిసికొనలేని తర్కమును ఆమె యొక్కమాటలో చెప్పివేసినది. పెంపుడు జంతువును ఆకలిదప్పులకు గుఱియగునట్లు విడిచిపెట్టుట నేరమని 1960నాటి జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నదని మేము తరువాత చదివితిమి. మా తల్లిగారికి ఆ చట్టముతో పనిలేకపోయెను. అటుపిమ్మట మూడు శనివారములు ఘట్టమున వెదకితిమి. ఱాతిదెబ్బ తిన్న కుక్క మోతి కాదు. మోతి మాకు కానరాలేదు.

భారతకథ యారంభమున జనమేజయుడు తమ్ములతో కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా సరమయను దేవశునకము కొడుకు ఆ దాపునకు వచ్చెను. తమ్ములు దానిని కొట్టిరి. అది యేడ్చుచు తల్లికడకు పోగా, నీవేదో తప్పు చేసియుందువని సరమ మొదట కొడుకునే యనుమానించెను. తాను హవిస్సును చూడనైన లేదు, నాకనైన లేదని అది చెప్పెను. అప్పుడు సరమ యజ్ఞశాలకు వచ్చి, నా కొడుకు చేసిన తప్పేమి, ఏల కొట్టితిరని యడిగెను. వారు బదులు చెప్పలేదు. తప్పులేనివానిని కొట్టితిరి గనుక మీకు కానరాని భయము కలుగునని ఆమె శపించెను. కానరాని భయమనునది ఇన్నాళ్లు మాకు కవిసమయముగ తోచెడిది. ఇప్పు డాలోచింపగా, కంటికి కానరాని జీవికి భయపడి కంటియెదుటనున్న జీవిని కొట్టుట మా యింటనే జరిగినది.

ఇందుకు ప్రతివాదమును గలదు, దానిని దాచరాదు. మనుష్యుని ప్రాణము కుక్కప్రాణముకంటె మిన్నగదా, అపాయము కలదని తెలిసియు నేల పెంచవలెనని యడుగుదురు. మేమంగీకరింతుము: ఇంటిలో చూలాలో, నెలలబిడ్డయో, కాన్సరుకు మందులు పుచ్చుకొనుచున్నవారో ఉన్నచో, వైద్యు నడిగి చూచి, కుక్కను తెచ్చుకొనకుండుటయే మేలని తేలవచ్చును. తెచ్చుకొనుటకు ముందు మనము స్వతంత్రులము. తెచ్చుకొనిన పిమ్మట ఋణపడినవారము. ఉంచుకొనలేనిచో ఉంచుకొనగల యింటికి చేర్చి రావలెను గాని, నదియొడ్డున దించి రాగూడదు. మఱియొక మాట. ఆవులవలన, మేకలవలన బ్రూసెల్లా జ్వరము వచ్చును. గొఱ్ఱెలవలన దొమ్మరోగము వచ్చును. అందులకై పాడిగేదెను వెళ్లగొట్టినవానిని మేమెఱుగము. పాలు కాచుకొనుచున్నాము, పశువునకు టీకా వేయించుచున్నాము. లాభమిచ్చు జంతువుతో జాగ్రత్త, ప్రేమ మాత్రమిచ్చు జంతువుతో బహిష్కారము: ఇది ఆరోగ్యశాస్త్రము గాదు, వ్యాపారము.

సంస్కారాభిమానులగు చదువరులకు ప్రత్యేకముగ నొకటి మనవి. మన పెద్దలు మడియను పేరుతో తోటిమనుష్యులను దూరముంచిన పాపము మనకింకను తీఱలేదు. నేడు విద్యావంతుల యిండ్లలో సూక్ష్మజీవి యనుమాట ఆ పాతమడికి క్రొత్తబట్ట కట్టుచున్నది. పనిమనిషికి వేఱు గ్లాసు పెట్టువారు, ఏలయని యడిగినచో బాక్టీరియా అనుచున్నారు. మా పాలమూరు ప్రాంతపు గొఱ్ఱెలకాపరి వెంటనుండు కుక్క మురికిదట. అంగడిలో వేలు పోసి కొన్న కుక్క శుభ్రమైనదట. బాక్టీరియాకు కులము తెలియదు, వెల తెలియదు. మడి యెవరు తాకిరని యడుగును. శుచి ఏమి తాకినది, కడిగితిమా లేదా యని యడుగును. మొదటి ప్రశ్నకు బదులు మనుష్యుని వెలివేయుట. రెండవ ప్రశ్నకు బదులు సబ్బు, నీరు. కుక్కను చేర్చిన దేవతలు మనకు లేకపోలేదు. బీచుపల్లికి ఎగువను ఇదే కృష్ణలోనున్న కురువపురము దత్తక్షేత్రము. దత్తాత్రేయుని పటములో నాలుగు కుక్కలు పాదములకడ నుండును, వానిని నాలుగు వేదములందురు. ఆ పటమునకు మ్రొక్కి వచ్చి వాకిటికుక్కను తన్నువాని భక్తి యెట్టిది?

ఇట్లని ప్రేమపేర అజాగ్రత్తను మన్నింపము. "మాది ఏమీ చేయదండీ" యనుచు అతిథి మోముపైకి కుక్కను వదలు గృహస్థుడును తప్పు చేయుచున్నాడు. తన చర్మమువిషయమున తన యిష్టము. ఎదుటివాని చర్మమువిషయమున అతని యిష్టము. కుక్కను ముట్టిన పిమ్మట, భోజనమునకు ముందు చేతులు సబ్బుతో కడుగవలెను. గాయమును, పసిబిడ్డల మోమును నాకనీయరాదు. కాటు తగిలినచో పదునైదు నిమిషములు సబ్బునీటితో కడిగి, చిన్నదని యుపేక్షింపక వైద్యునికడకు పోవలెను. కుక్కకు రేబిస్ టీకాయు, లెప్టోస్పైరా టీకాయు వేయించవలెను. దాని మలమును వీధిలో విడువక తీసివేయవలెను. రోగములేని కుక్కకు మందు పట్టింపరాదు. ఇవి పెద్ద తపస్సులు గావు. కుక్క తనకై తాను చేసికొనలేని పనులు మాత్రమే.

మా తల్లిగారిప్పుడు మేజోళ్లు తొడుగుకొని సాయంకాలము అరుగుపై కూర్చుండుచున్నారు. మఱియొక కుక్కను తెత్తుమా యని యడిగితిమి, వలదనిరి. సరమ యడిగినప్పుడు రాచబిడ్డలు బదులు చెప్పలేదు. మా తల్లి యడిగినప్పుడు మేమబద్ధము చెప్పితిమి. చదువరుల యిండ్లలో ఆ ప్రశ్న వినవలసిన దినము రాకుండుగాక. వచ్చినచో, తలయెత్తి చెప్పదగిన బదులు వారికడ నుండుగాక.